పెంటయ్య లేడు, ఆనందరావు ఉన్నాడు

ఆ బుధవారం పొద్దున పెంటయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి రైలుకు గురజాల వెళ్ళాలి. తాసీల్దారు గారి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. సాయంత్రం అన్నం వేళకు ఆనందరావుగా ఇంటికి తిరిగి రావాలి.

బర్మాలో కొండలు తవ్వి రోడ్లు వేసి, యుద్ధం ముగిశాక ప్రాణాలతో తిరిగి వచ్చిన మనిషికి ఇదొక పని కాదనుకున్నాడు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. మిలటరీ బూట్లకు ఆముదం రాసి మెరిపించాడు. అతని తల్లి హన్నమ్మ గడప మీద కూర్చుని, కొడుకు బూటు తాళ్ళు కట్టుకోవడం చూస్తూ, ఆ వారమంతా అంటున్న మాటే మళ్ళీ అంది.

"ఒరే అబ్బయా, ఆ పేరు జోలికి పోమాకరా. అది ఊరికే పెట్టింది కాదు."

"తెలుసులేవే అమ్మా."

"ఏం తెలుసు నీకు? నీకు ముందు పుట్టినోళ్ళందరూ మంచి మంచి పేర్లు పెట్టించుకుని పోయినారు. నిన్ను మాత్రం పుట్టంగానే పెంటదిబ్బ మీద పొర్లించి, దొరికినోడి మాదిరి ఎత్తుకొచ్చి పెంటయ్య అన్నాను. చావు వచ్చి చూసి, ఇదేదో పారేసిన సరుకులే అనుకుని పోయింది. బర్మాలో గూడా అట్టానే పోయింది."

"బాంబులేసేవాడు పేరడిగి వెయ్యడమ్మా."

"అడగబట్టే గదరా నువ్వు ఇంటికొచ్చింది," అంది హన్నమ్మ.

పెంటయ్య రెండో బూటు తాడు బిగించాడు. నిజానికి ఆనందరావు అనే పేరు కూడా అతనిదే. పదేళ్ళప్పుడు మిషను దొరగారు అతన్ని నీళ్ళలో ముంచి లేపి, బాప్తిస్మం పేరుగా ఆనందరావు అన్నారు. ఒళ్ళు ఆరేదాకా ఆ పేరు ఉంది. ఇంటికి వచ్చి పొడిబట్ట కట్టుకోగానే మళ్ళీ పెంటయ్య అయిపోయాడు. తరవాత సైన్యంలో చేర్చుకునే హవల్దారు పేరేమిటని అడిగితే, ఎవరడిగినా చెప్పే పేరే చెప్పాడు. అది సైన్యం నుంచి వదిలేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం దాకా అతని వెంటే వచ్చింది. ఎస్తేరు ఎదురుపడేవరకు అతనికి దానితో ఏ ఇబ్బందీ లేకపోయింది.

ఎస్తేరు పిడుగురాళ్ళ మిషను బడిలో చిన్నపిల్లలకు పంతులమ్మ. పెళ్ళిచూపులనాడే పెంటయ్య ఆమెకు నచ్చాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గాని, తరవాత అతను బడి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా గంట కొట్టడం మరిచిపోయేది. చిక్కంతా పెళ్ళి ప్రకటనతో వచ్చింది. గుడిలో మూడు ఆదివారాలు పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ పైకి చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలని అడుగుతారు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు ఏ ఊళ్ళో ఏ పేరుతో ఎవరిని చేసుకుని వచ్చారో తెలియదు కాబట్టి, డిశ్చార్జి పుస్తకంలో ఉన్న పేరు తప్ప మరొకటి చదవనని పాదిరిగారు కచ్చితంగా చెప్పేశారు.

"నా బడి పిల్లలంతా ముందు వరసలో కూర్చుంటారు," అంది ఎస్తేరు తండ్రితో. "మూడు వారాలు ఆ పేరు పక్కన నా పేరు చదివితే నేను మళ్ళీ బడికెట్టా పోవాలి? నేనైతే ఆ పేరు నోటితో అనను నాయనా."

తండ్రి యేసుపాదం ఆ మాటను తీసుకువచ్చి పెంటయ్య చేతిలో పెట్టాడు. "అబ్బాయ్, నువ్వు బంగారం లాంటోడివే. మిలటరీ పుస్తకంలో పేరు మారినాక కబురు పెట్టు. మారకపోతే కబురు పెట్టమాక."

పెంటయ్య సైన్యం వాళ్ళ రికార్డు ఆఫీసుకు అర్జీ పంపాడు. గ్రామ మునసబు ధ్రువీకరణ కావాలనీ, పేరు మార్పును ఊళ్ళో టముకు వేసి చాటించాలనీ, తాసీల్దారు సంతకం కావాలనీ వాళ్ళు జవాబు రాశారు. పెంటయ్య ఈ మూడింటినీ ఒకేరోజున ముగించేట్టు ఏర్పాటు చేసుకున్నాడు. తను గురజాలలో సంతకం పెట్టించుకునే వేళకు ఇక్కడ టముకు పని అయిపోతుంది. పథకంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ బుధవారం పిడుగురాళ్ళ సంత. ఆ సంగతి అతను లెక్కలోకి తీసుకోలేదు. తరవాత జరిగినవన్నీ అతను ఒక్కొక్కరి నోటి నుంచీ ఒక్కో ముక్కగా విని కలుపుకున్నవి.

మునసబు గోపాలకృష్ణయ్య గారికి కోర్టు భాష అంటే ఇష్టం. పొద్దున్నే టముకు వేసే గంగయ్యను పిలిచి, అరుగు మీద నిలబడి, చాటింపు మాటలు రెండుసార్లు వల్లె వేయించారు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, హన్నమ్మ కొడుకు మిలటరీ పెంటయ్య అనువాడు నేటినుండి లేడు. అతని స్థానంలో ఆనందరావు అనువాడు ఉన్నాడు. అభ్యంతరము కలవారు చావడికి వచ్చి చెప్పుకోవలెను."

గంగయ్య చాలాకాలంగా ఆ ఊరికి టముకు వేస్తున్నాడు. అతనికి ఆయాసం. అందుకని చాటింపులో ముందు సగం పై బజారులోనూ, వెనక సగం కింది బజారులోనూ చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఊరు కూడా దానికి అలవాటు పడింది. రెండు బజార్ల వాళ్ళూ మధ్యలో మంచినీళ్ళ బావి దగ్గర కలుసుకుని, నీదేంటంటే నాదేంటని అడిగి, రెండు సగాలూ అతికించుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. పన్నుల చాటింపులూ వేలం చాటింపులూ ఇన్నేళ్ళూ అట్లా సవ్యంగానే నడిచాయి.

ఆ రోజు మాత్రం పై బజారు బండ్లన్నీ సంతకు కట్టి ఉన్నాయి. మిరపకాయల బస్తాల మీద కూర్చున్న జనం, పెంటయ్య నేటినుండి లేడన్న మాట దాకా విని, బావి దగ్గర ఆగకుండా పిడుగురాళ్ళ దారి పట్టారు.

సంతలో మొదట నోరు విప్పింది పై బజారు కోటమ్మ. కోడిగుడ్ల బుట్ట దించుతూనే పక్క ఊరి గుడ్ల ఆమెతో అంది. "మా ఊరి మిలటరీ పెంటయ్య లేడంటమ్మా."

"యాడికి పోయినాడు?"

"యాడికో పోతే టముకు వేస్తారా. లేడంట. మునసబుగారు చెప్పించినారు."

"పొద్దున్నే గురజాల రైలెక్కాడు గదా, నేను చూశానే."

"ఎక్కుంటాడు," అంది కోటమ్మ ఆలోచించి. "దిగినట్టు ఎవరన్నా చూశారా?"

ఎవరూ చూడలేదు. ఉప్పు కొట్టు దగ్గరికి వచ్చేసరికి పెంటయ్య రైలు మెట్టు మీద నుంచి జారిపోయాడు. చింతపండు కొట్టు దగ్గర ఒకాయన అది నిజం కాదన్నాడు. రైలు క్షేమంగానే దిగాడనీ, పేరు మార్చుకోవడానికి తాలూకా కచేరీ మెట్లెక్కుతూ కూలబడ్డాడనీ చెప్పాడు. పేరు సంగతి చాలామందికి తెలుసు కాబట్టి ఈ రెండోది నిలబడింది. పలుపుతాళ్ళు బేరం చేస్తున్న యేసుపాదం చెవిన పడింది కూడా ఇదే. ఆయన పలుపు అక్కడే వదిలేసి బడికి వెళ్ళాడు. ఎస్తేరు విని, సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల్ని ఇళ్ళకు పొమ్మంది. అప్పుడు లెక్కల పాఠం సగంలో ఉంది.

ఇక్కడ ఊళ్ళో, కింది బజారులో ఉండే హన్నమ్మ విన్నది రెండో సగం. అభ్యంతరం ఉన్నవాళ్ళు చావడికి రావాలన్నారు కాబట్టి ఆమె వెంటనే చావడికి వెళ్ళింది. ఊరంతటిలోనూ అభ్యంతరం ఉన్నది ఆమె ఒక్కతికే. మునసబు గారు పొలం వెళ్ళారు. వెళ్ళేముందు, తనకెప్పుడూ పని మిగల్చడం అలవాటు లేదు కాబట్టి, పెంటయ్య లేడు ఆనందరావు ఉన్నాడు అనే ధ్రువీకరణను తనే సంతకం చేసి రికార్డు ఆఫీసుకు తపాలాలో వేయించారు. హన్నమ్మ చావడి అరుగు మీద చాలాసేపు కూర్చుని ఇంటికి వచ్చింది. సాయంత్రం సంత బండ్లు తిరిగివచ్చాయి. కోటమ్మ ఇంట్లోకి రాకుండానే వాకిట్లో కూలబడి, "ఓ వదినా" అని రాగం ఎత్తింది.

కచేరీ మెట్ల సంగతి విని హన్నమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడానికి ఆమెకు అందులో తెలియనిది ఏమీ లేదు. "పేరు తీసిన పూటే పట్టుకుపోయింది," అంది. "ఒక్కరోజన్నా ఆగలేదు."

పక్కింటి దేవమ్మ గుడికి వెళ్ళి చావు గంట కొట్టింది. గంట విని మునసబు గారు పొలం నుంచి వచ్చి, పోయినది ఎవరని అడిగి, బదులు విని ఉలిక్కిపడ్డారు.

"నేను చెప్పించింది పేరు గురించిరా," అన్నారు.

"పేరుతోటే మనిషీ పోయినాడయ్యా," అన్నారు జనం.

ఆయనకు కోర్టు భాషలో దీనికి తగిన మాట తోచలేదు. తెల్లవారగానే శవాన్ని తేవడానికి బండి కట్టించి గురజాల పంపారు.

అసలు పెంటయ్య గురజాలలో కచేరీ అరుగు మీద కాళ్ళు బారజాపి కూర్చుని ఉన్నాడు. తాసీల్దారు గారు క్యాంపు వెళ్ళారు. రేపు పొద్దున వస్తారన్నారు. బర్మాలో ఇంతకన్నా ఎక్కువే కాచుకున్నాను అనుకుని, బూట్లు తల కింద పెట్టుకుని అక్కడే పడుకున్నాడు. పొద్దున సంతకం పడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకుంటూ, రైలు కోసం ఆగకుండా మిరపతోటల గట్ల వెంబడి ఇంటిదారి పట్టాడు. శవం కోసం వెళ్ళిన బండి అతనికి కనపడకుండానే రోడ్డు మీద ఎదురు వెళ్ళిపోయింది.

అతను గట్ల మీద ఉండగానే పోస్టు ఇస్మాయిల్ రికార్డు ఆఫీసు కవరు ఒకటి పట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. తమ జవాబు వెళ్ళి ఇన్నాళ్ళయినా తాసీల్దారు సంతకం ఇంకా రాలేదేమని అందులో అడిగారు. వాకిట్లో ఏడుపులు చూసి ఇస్మాయిల్ సైకిలు దిగాడు. టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. తరవాత కవరు మీద పెంటయ్య చనిపోయినాడని రాసి, వచ్చిన దారినే తిప్పి పంపాడు. తన పనిలో ఎన్నడూ ఆలస్యం చేయని మనిషి.

పెంటయ్య కింది బజారు మలుపు తిరిగేసరికి తన ఇంటి ముందు ఊరంతా ఉంది. ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. అమ్మ, అనుకున్నాడు. పేరు మార్చుకుంటున్నానని దిగులుతో పోయింది. అతనికి అడుగు ముందుకు పడలేదు. గుంపు వెనక నిలబడి, ముందున్న రోశయ్య భుజం తట్టాడు.

"ఎవరు మావా పోయింది?" అన్నాడు.

రోశయ్య వెనక్కి తిరగలేదు. "పెంటయ్య."

"ఏ పెంటయ్య?"

"ఊళ్ళో ఎంతమంది ఉన్నారేంది, మిలటరీ పెంటయ్యే. చానా మంచోడు పాపం. నా దగ్గర తీసుకున్న పార మాత్రం ఇవ్వకుండానే పోయినాడు."

"ఇచ్చాను గదా. మీ గొడ్ల చావిట్లో తలుపెనక పెట్టాను."

"నువ్వెందుకు పెడతావు, తీసుకుంది పెంటయ్య గదా," అని విసుక్కుంటూ రోశయ్య తిరిగి చూశాడు. చూసి, పక్కనున్న గడ్డివామికి ఆనుకున్నాడు.

పెంటయ్య అతన్ని పట్టించుకోలేదు. తల్లి బతికే ఉంది. గుంపు సందులోంచి కనిపిస్తోంది, తల విరబోసుకుని గడప మీద కూర్చుని. ఆమె పక్కన తెల్ల చీరలో ఎస్తేరు ఉంది. యేసుపాదం కండువా నోటికి అడ్డం పెట్టుకుని పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. తండ్రీ కూతురూ తెల్లవారకముందే బండి కట్టుకుని వచ్చారు. ఎస్తేరు ఏడుస్తోంది గాని, ఆ ఏడుపులో మాటలు లేవు. అక్కడి ఆడవాళ్ళకు అది లోటుగా ఉంది.

"పేరు పెట్టి పిలిచి ఏడువమ్మా," అంది దేవమ్మ నేర్పుతున్నట్టు. "పేరెత్తకుండా ఏడిస్తే నువ్వు ఏడ్చేది తన కోసమేనని ఆయనకెట్టా తెలుసుద్ది?"

ఎస్తేరు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆనందరావు గారూ," అంది సన్నగా.

చుట్టూ ఉన్న ఏడుపులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆయనెవరు?" అంది ఒక ముసలామె.

హన్నమ్మ తల ఎత్తింది. "ఆ పేరెత్తబాక తల్లీ నీకు దండం పెడతా. ఆ పేరే నా బిడ్డను మింగింది."

ఎస్తేరు ఆ ముసలి ముఖం వంక కాసేపు చూసింది. ఎవరూ నేర్పకుండానే ఆమెకు గొంతు వచ్చింది. తరగతి గది చివరి వరస దాకా వినిపించడానికి అలవాటు పడిన గొంతు అది. "పెంటయ్యా," అని అరిచింది. "ఓ నా పెంటయ్యా, నన్ను వదిలి యాడికి పోయినావు పెంటయ్యా."

పెంటయ్యకు సైన్యంలో ఒకటి నరాల్లోకి పోయింది. పేరు గట్టిగా పిలిస్తే, నిద్రలో ఉన్నా తింటున్నా, శరీరం తనంతట తనే లేచి నిలబడుతుంది. మడమలు కలిశాయి. ఛాతీ ముందుకు వచ్చింది.

"హాజర్ సాబ్," అన్నాడు.

ఆ తరవాత వాకిలి సగం ఖాళీ అయింది. పరుగెత్తినవాళ్ళు తాము పరుగెత్తలేదని ఇప్పటికీ చెబుతారు. దేవమ్మ చేతిలో ఉన్న నీళ్ళచెంబు వదిలేసింది. హన్నమ్మ మాత్రం లేచి, తిన్నగా కొడుకు దగ్గరికి నడిచి వచ్చి, చొక్కా పట్టుకుంది.

"నువ్వెవరివి? పెంటయ్యవా, ఆనందరావువా?"

అతని చెయ్యి జేబులో తాసీల్దారు సంతకం మీదికి పోయింది. ఎస్తేరు వైపు చూశాడు. ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న చేతిని ఇంకా తీయలేదు. కళ్ళు మాత్రం అతని మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ తిరిగిందంతా ఆమె కోసమే. ఇప్పుడు ఏ జవాబు చెబితే ఆమె దక్కుతుందో తెలియలేదు. తల్లి పట్టు చూస్తే చొక్కా చిరిగేట్టుంది.

"పెంటయ్యనే అమ్మా," అన్నాడు.

హన్నమ్మ అతని జేబులోంచి కాగితం తీసింది. పొయ్యిలో పెట్టి, అది పూర్తిగా మసి అయ్యేదాకా అక్కడే నిలబడి, ఆ మంట మీదే కొడుక్కి అన్నం వండింది.

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా," అన్నాడు కూతురితో. "ఆ పేరు నోటితో అననన్నావు."

"ఏడుపులో అన్నది లెక్కలోకి రాదు నాయనా," అంది ఎస్తేరు నేల చూస్తూ.

"వస్తదో రాదో ఆ బావి కాడోళ్ళను అడుగు," అంది దేవమ్మ చెంబు వెతుక్కుంటూ. "పై బజారోళ్ళూ కింది బజారోళ్ళూ ఒకేపాలి విన్న చాటింపు ఈ ఊళ్ళో ఇదొక్కటే. ఇంక మూడు ఆదివారాలు పాదిరిగారు చదవడం దండగ."

ఎస్తేరు నవ్వాపుకోలేక కొంగు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని కోటమ్మ ఆమెకు తోడుగా మళ్ళీ రాగం ఎత్తబోతే, అందరూ కలిసి ఆపించారు.

సాయంత్రానికి గురజాల వెళ్ళిన బండి తిరిగి వచ్చింది. శవం అడిగితే కచేరీ గుమాస్తా అర్జీ పెట్టుకోమన్నాడని బండివాళ్ళు వాపోయారు. మునసబు గారు గంగయ్యను పిలిపించి నిలదీశారు. "నాదేముందయ్యా," అన్నాడు గంగయ్య. "పై బజారులో లేడన్నాను, కింది బజారులో ఉన్నాడన్నాను. ఉన్నాడు గదా మరి." ఇకమీదట రెండు సగాలూ ఒకేచోట చెప్పాలని మునసబు గారు ఆజ్ఞ ఇచ్చారు. గంగయ్య ఒప్పుకున్నాడు. మరుసటి వారం నుంచి రెండు సగాలూ పై బజారులో చెప్పి, కింది బజారుకు రావడం మానేశాడు.

పాదిరిగారు ప్రకటన మూడు ఆదివారాలూ డిశ్చార్జి పుస్తకంలో ఉన్న పేరుతోనే చదివారు. ముందు వరసలో బడి పిల్లలు నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు గాని, పంతులమ్మ తల ఎత్తి వాళ్ళ వంకే చూస్తుండటంతో ఎవరికీ ధైర్యం చాలలేదు. పెళ్ళయింది. ఎస్తేరు మొగుణ్ణి ఆయన అనేది. కోపం వస్తే మాత్రం పేరు పెట్టి పిలిచేది. ఆ పిలుపుకు అతను ఎక్కడున్నా నిటారుగా నిలబడేవాడు.

అక్కడ రికార్డు ఆఫీసులో రెండు కాగితాలు ఒకే బల్ల మీదికి చేరాయి. ఒకటి పెంటయ్య లేడు, ఆనందరావు ఉన్నాడు అనే మునసబు గారి ధ్రువీకరణ. రెండోది పెంటయ్య చనిపోయినాడని ఇస్మాయిల్ తిప్పి పంపిన కవరు. రెండింటికీ ఎక్కడా తేడా రాలేదు. ఇంత చక్కగా కుదిరిన కేసు వాళ్ళకు ఈమధ్య తగలలేదు. తాసీల్దారు సంతకం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కోరిన ప్రకారం పేరు మార్చడమైనదని జవాబు రాసి, శ్రీ ఆనందరావు గారి పేర పంపించారు.

కవరు చేరేసరికి వానాకాలం వచ్చింది. ఇస్మాయిల్ దాన్ని పట్టుకుని ఇంటిముందు సైకిలు దిగాడు. పెంటయ్య పొలంలో ఉన్నాడు. హన్నమ్మ పంచలో చింతపండు గింజలు తీస్తోంది. ఎస్తేరు కవరు తీసుకుని పైనున్న పేరు చదివింది. ఇంకొకసారి చదివింది. అత్త వంక చూసింది. హన్నమ్మ చేతులు ఆగాయి గాని తల ఎత్తలేదు.

"ఈ పేరుగలాయన ఇక్కడెవరూ లేరు బాబాయ్," అంది ఎస్తేరు.

ఇస్మాయిల్ పెన్సిలు మొన నాలుకకు తడిచేసుకుని, ఆనందరావు అనే మనిషి ఈ ఊళ్ళో ఎన్నడూ లేడని రాసి, కవరును ఆ పూటే వెనక్కి పంపించాడు.